బలపపు రాయి, ఊపిరి పొర: ఒక పౌడర్ కథ

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల మన తండాల్లో, ఎరుకల వాడల్లో "నిమ్ము చేసింది, పక్కలో నీరు పట్టింది" అనే మాట అందరికీ తెలిసిందే. నీరు మళ్ళీ మళ్ళీ చేరుతుంటే డాక్టర్ "పౌడర్ వేసి ఆపుదాం" అంటారు. ఆ పౌడర్ టాల్క్. మొహం పౌడర్‌తో క్యాన్సర్ వస్తుందని ఫోన్లో చూసినోళ్ళు భయపడి వెనక్కొచ్చేస్తారు. అందుకే ఈ చరిత్ర రాస్తున్నాం.

టాల్క్ మనకు కొత్త కాదు. చిన్నప్పుడు పలక మీద దిద్దిన బలపం ఆ జాతి రాయే. తాడిపత్రి వైపు దాని గనులున్నాయి. పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లెలో రాతినార, అంటే ఆస్‌బెస్టాస్ కూడా తవ్వారు. భూమిలో ఈ రెండూ పక్కపక్కనే ఉండొచ్చు. భయం పుట్టింది ఆ కల్తీ నుంచే.

టీబీకి మందుల్లేని కాలంలో మన పక్కనే మదనపల్లె ఆరోగ్యవరం శానిటోరియం 1912లో మొదలైంది. అప్పట్లో విశ్రాంతి, మంచి గాలి, ఊపిరితిత్తిని కొన్నాళ్ళు ముడుచుకునేలా చేయడం, ఇవే వైద్యం. తానే టీబీ రోగి అయిన కెనడా డాక్టర్ నార్మన్ బెతూన్ 1935లో, ఊపిరితిత్తి ఆపరేషన్‌కు ముందు టాల్క్ చల్లే పద్ధతి రాశాడు. పౌడర్ వల్ల వాపు వచ్చి రెండు పొరలూ అతుక్కుంటాయి. నీరు చేరే సందే ఉండదు.

మరి ప్రమాదమో? జ్వరం, నొప్పి మామూలే. అరుదుగా కొందరికి ఊపిరి ఆడని పరిస్థితి వచ్చింది. మరీ సన్నని రేణువులు రక్తంలోకి పోవడం దీనికి కారణమని భావిస్తున్నారు. సన్నవి తీసేసిన టాల్క్‌ను యూరప్, దక్షిణాఫ్రికా ఆసుపత్రుల్లో 558 మందికి వాడితే ఒక్కరికీ అలా కాలేదని 2007లో ప్రచురించారు. బ్రిటన్‌లో ఇలాంటి పౌడర్ వేయించుకున్న 210 మందిని 14 నుంచి 40 ఏళ్ళ తర్వాత చూస్తే, ఊపిరి పొర క్యాన్సర్ ఒక్కరికీ కనిపించలేదని 1979లో రాశారు.

ఒక మాట గుర్తుంచుకుందాం. టీబీ వల్ల చేరిన నీరు ఎక్కువగా మాత్రలతోనే పోతుంది, ఆ మాత్రలు సర్కారు ఉచితంగా ఇస్తుంది. పౌడర్ ముఖ్యంగా క్యాన్సర్ నీటికి. డాక్టర్ని మూడు అడుగుదాం: ఇది నిజంగా అవసరమా? ఆసుపత్రి కోసం శుద్ధి చేసిన టాల్కేనా? సన్నని రేణువులు తీసేశారా? భయపడి పారిపోవద్దు, అడక్కుండా ఒప్పుకోనూ వద్దు. తండాలో పెద్దోళ్ళకు మన భాషలోనే చెప్పండి.