ధూళి మాటున నక్షత్ర జననములు

గ్రామమున ఏటేట నెందరు శిశువులు పుట్టుచున్నారో తెలిసికొనుటకు జనన మరణముల పుస్తకము కలదు. ఆకాశమున ఏటేట నెన్ని నక్షత్రములు పుట్టుచున్నవో తెలుపు పుస్తక మెక్కడ? వాయువును ధూళియు గలిసిన మహామేఘములలో నక్షత్రములు జనించును. ఆ ధూళియే తెరయై వానిని మన కంటికి గానరాకుండ జేయును. పురిటింటి తలుపు మూసియుండగా లోని శిశువుల లెక్క చెప్పవలసి వచ్చినట్లున్నది. ఆ లెక్కను విద్వాంసు లెట్లు సాధించిరో, ఆ చరిత్రను నేడు మనవి చేసెదను.

నేను బాల్యమున తర్కము చదివినవాడను. ప్రత్యక్షము చాలనిచోట అనుమానము ప్రమాణమగునని మా గురువులు బోధించిరి. కొండపై పొగను జూచి నిప్పు కలదని నిశ్చయించుట దాని కుదాహరణము. ఇచ్చట పొగవంటి ధూళి నిప్పును దాచుచున్నది. ఐనను కుమ్మరి ఆవమును దలచుకొనుడు. మట్టియు బూడిదయు గప్పియుండుటచేత మంట కానరాదు. చేయి చాచినచో వేడి మాత్రము తెలియును.

అట్టి కంటి కగపడని వేడిని మొదట కనుగొన్నవాడు విలియం హెర్షెల్. 1800లో నాతడు ఇంగ్లండున సూర్యకాంతిని గాజు పట్టకముచేత రంగులుగా విడదీసి, ఎఱ్ఱరంగునకు ఆవల, వెలుగే లేనిచోట ఉష్ణమాపకము నుంచెను. అది మఱింత వేడి చూపెను. ఆ కిరణములకే పరారుణ కిరణములని పేరు. క్రొత్తగా పుట్టిన పెద్ద నక్షత్రములు తీక్ష్ణమైన అతినీలలోహిత కిరణములను వెదజల్లును. చుట్టునున్న ధూళి వానిని మ్రింగి, తాను వెచ్చనై, ఆ శక్తినే పరారుణ రూపమున వెలికి బంపును. ఇది మొదటి సాక్షి.

రెండవ సాక్షి రేడియో. అమెరికాలో కార్ల్ జాన్‌స్కీ యను ఇంజనీరు సముద్రము దాటించు రేడియో టెలిఫోనునకు అడ్డుతగులు రొద యెచ్చటిదో వెదకుచుండెను. అందొక రొద దినమునకు 24 గంటలకు గాక, 23 గంటల 56 నిమిషములకు తిరిగి వచ్చుచుండెను. పంచాంగము నెఱిగినవారికి దీని మర్మము తెలియును: అది నాక్షత్ర దినము. అనగా ఆ ధ్వని సూర్యునితో గాక నక్షత్రములతో నుదయించుచున్నది. అది ధనూరాశి దిక్కున, మన పాలపుంత నడుమనుండి వచ్చుచున్నదని 1933లో నాతడు ప్రకటించెను.

ఆ రొదకు కారణము తరువాత దెలిసెను. మన సూర్యుని ఆయువు సుమారు 1000 కోట్ల యేండ్లు. సూర్యునికన్న ఎనిమిది రెట్లు మించిన బరువుగల నక్షత్రమో, కొద్ది కోట్ల యేండ్లలోనే ప్రేలిపోవును. దానినే సూపర్‌నోవా యందురు. ఆ ప్రేలుడుచేత ఎలక్ట్రానులు కాంతివేగమునకు సమీపించిన వేగముతో చెదరి, గెలాక్సీయందలి అయస్కాంత క్షేత్రముల చుట్టు తిరుగుచు రేడియో తరంగములను వెలువరించును. ధూళి వీని నాపజాలదు. అల్పాయుష్కుల మరణములను లెక్కించినచో ఇటీవలి జననముల లెక్క వచ్చును గదా!

ఒకరు వేడిని జెప్పుదురు. ఒకరు మరణములను జెప్పుదురు. ఈ ఇరువురి మాట యొక్కటియేనా? 1971లో నెదర్లాండ్స్ విద్వాంసుడు వాన్ డెర్ క్రూట్ కొన్ని గెలాక్సీల నడిమిభాగములలో ఈ రెంటికి పొందిక యున్నదని చూపెను. కాని పరారుణమును భూమిపైనుండి చక్కగా జూచుటకు మన గాలియే అడ్డము. 1983 జనవరిలో అమెరికా, నెదర్లాండ్స్, బ్రిటన్ దేశములు కలిసి ఐరాస్ అను ఉపగ్రహమును బంపినవి. తన వేడియే తన చూపును చెఱుపకుండ ద్రవ హీలియముచేత దానిని చల్లబఱచిరి. హీలియము తీరువఱకు, పది నెలలు, అది ఆకాశమును జూచెను. 1985లో హెలూ, సాయిఫర్, రోవన్ రాబిన్సన్ అనువారును, వేఱుగా డి యాంగ్ బృందమును ఆ లెక్కలను రేడియో కొలతలతో సరిచూచిరి. ఒక గెలాక్సీకన్న మఱియొకటి వేలకొలది రెట్లు ప్రకాశించినను, రెంటి నిష్పత్తి దాదాపు ఒక్కటిగనే నిలిచెను.

ఈ యేకీభావ మింత గట్టిగ నుండుట కెల్ల కారణములు నేటికిని చర్చలో నున్నవి. ఐనను అది మిక్కిలి యుపయోగకరము. సాక్షులు భేదించినప్పుడు సయితము ఒక విషయము తెలియును: పరారుణమునకు మించి రేడియో బలముగ నున్నచో, అచ్చట నక్షత్రములు గాక, నడుమనున్న మహా కృష్ణబిలము పలుకుచున్నదని సందేహింపవచ్చును. ఒక జాగ్రత్త మాత్రము వలయును. ఈ సాక్షులు చెప్పునది పెద్ద నక్షత్రముల మాటయే. చిన్నవాని సంఖ్యను మన మెఱిగిన పాళ్ళనుబట్టి చేర్చుకొందుము. ఆ పాళ్ళు వేఱైనచో మొత్తము మాఱును.

సప్తర్షి మండలము దిక్కున ఎం 82 అను గెలాక్సీ కలదు. మనకు సుమారు 1 కోటి 20 లక్షల కాంతి సంవత్సరముల దూరము. అది మన పాలపుంతకన్న చిన్నది. పాలపుంతలో ఏటికి ఒకటి రెండు సూర్యుల బరువుగల నక్షత్రములు పుట్టుచుండగా, అందు సుమారు పది సూర్యుల బరువు పుట్టుచున్నది. దాని నడిమి ధూళి మాటున పదులకొలది సూపర్‌నోవా అవశేషములను రేడియో దూరదర్శినులు కనిపెట్టినవి.

ఇట్టి కొలతలే దూరపు గెలాక్సీలకును సాగినవి. మన దేశమున పూణే కుత్తరముగ, నారాయణగావ్ సమీపమున 45 మీటర్ల వ్యాసముగల 30 రేడియో పళ్ళెములు ఇట్టి దూరపు పలుకుల నాలకించుచున్నవి. దూరమును జూచుట గతమును జూచుటయే కావున, విశ్వమున జననముల చరిత్రయే వెల్లడియైనది. సుమారు 1000 కోట్ల యేండ్ల క్రిందట నక్షత్ర జననము లుచ్చస్థితి నుండెను. నేడు అందు పదియవ వంతు మాత్రమే. ఈ విశ్వమున నక్షత్రముల పంట తగ్గినకాలమున మనము పుట్టితిమి. మన సూర్యుడును ఆ తగ్గుదల మొదలైన పిమ్మటనే, సుమారు 460 కోట్ల యేండ్ల క్రిందట, ఇట్టి మేఘముననే జనించెను.