నమూనా లారీల తయారీ (ఉత్తరాంధ్ర)

నిజమైన లారీని ఒక నిర్ణీత నిష్పత్తిలో కుదించి చేత్తో కట్టడాన్ని, లేదా పెట్టెలో వచ్చిన విడిభాగాలను అతికించి తమకు కావలసిన రూపానికి మార్చుకోవడాన్ని నమూనా లారీల తయారీ అంటారు. ఆటబొమ్మకూ నమూనాకూ తేడా కొలతలో ఉంది. బొమ్మ లారీకి చక్రాలు తిరిగితే చాలు. నమూనాకు ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకు ఉన్న దూరం, టైరు ఎత్తు, తొట్టి పలకల మందం అన్నీ ఒకే లెక్కన తగ్గాలి. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో ఈ పనికి సహజమైన మూలరూపం సాలూరు లారీ. ఈ వ్యాసం ప్రధానంగా దాని గురించే.

నిష్పత్తులు

రిమోట్‌తో నడిచే పెద్ద నమూనాలకు 1:14, ప్లాస్టిక్ కిట్లకు 1:24, 1:25, అచ్చుపోసిన లోహపు బొమ్మలకు 1:43, 1:50, రైలు నమూనాల పక్కన నిలిపేవాటికి 1:87, 1:76 వాడుకలో ఉన్నాయి. మన మోటారు వాహనాల నిబంధనల ప్రకారం లారీ వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదు. ఆ వెడల్పు 1:24లో దాదాపు 10.8 సెంటీమీటర్లు, 1:14లో 18.6, 1:87లో సుమారు 3 సెంటీమీటర్లు అవుతుంది. చేత్తో పలకలు కోసి కట్టేవారికి 1:24 అనువైనది. అంతకన్నా చిన్నదైతే తాళ్లు, కొక్కేలు చూపించడం కష్టం. పెద్దదైతే ఇంట్లో పెట్టడానికి చోటు చాలదు.

కిట్ల చరిత్ర క్లుప్తంగా

ఇంగ్లండులో లెస్నీ సంస్థ 1953లో మ్యాచ్‌బాక్స్ బొమ్మలు మొదలుపెట్టింది. అవి అతికించే కిట్లు కావు గానీ, చిన్న లారీ మీద పెద్దలకు కూడా మోజు కలిగించినవాటిలో ముందువరసలో ఉంటాయి. అమెరికాలో ఏఎంటీ సంస్థ 1:25 పీటర్‌బిల్ట్ కిట్‌ను 1969లో తెచ్చిందని కొందరు, 1970లో తెచ్చిందని మరికొందరు రాస్తారు. 1969-70 ప్రాంతం అనుకోవడం క్షేమం. ఇటలీకి చెందిన ఇటలెరి 1:24 యూరప్ లారీలకు, జపాన్‌లోని షిజువోకకు చెందిన తమియా 1:14 నమూనాలకు పేరుపడ్డాయి. తమియా కింగ్ హాలర్ 1993 నాటిది. ఇవన్నీ కర్మాగారంలోనే పూర్తిగా తయారై రోడ్డెక్కే లారీలకు నమూనాలు. మన లారీ పుట్టుక వేరు.

సాలూరు లారీ

వేగావతి ఒడ్డున, తూర్పు కనుమల అడుగున ఉన్న సాలూరు 2022 ఏప్రిల్ వరకు విజయనగరం జిల్లాలో ఉండేది. ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. రాష్ట్రంలో విజయవాడ తర్వాత లారీలకు పేరున్న ఊరుగా దీన్ని చెప్పడం పరిపాటి. ఆ మాటను కొందరు లారీల సంఖ్యకు, కొందరు బాడీ కట్టే పనికి అన్వయిస్తారు. మొదటి అర్థమే ఎక్కువగా వినిపిస్తుంది. లారీలు అక్కడే ఎందుకు పెరిగాయన్నదానికీ రెండు కారణాలు చెప్పవచ్చు. బొబ్బిలి నుంచి వచ్చే రైలు కొమ్మ సాలూరుతో ఆగిపోతుంది, కాబట్టి పైకి వెళ్లే సరుకు అక్కడ రోడ్డెక్కాలి అన్నది ఒకటి. విశాఖ రేవు నుంచి కొరాపుట్, జగదల్‌పూర్ మీదుగా రాయపూర్ పోయే దారిలో ఘాట్ రోడ్డుకు ముందు చివరి పట్టణం కావడం రెండోది. ఆ దారి ఒకప్పుడు 43వ నంబరు జాతీయ రహదారి, అందులో సాలూరు మీదుగా పోయే భాగం ఇప్పుడు 26. రెండో కారణానికే బలం ఎక్కువ. ఘాట్ ఎక్కబోయే బండికి మరమ్మతు, టైర్లు, కమాన్ (స్ప్రింగు) కట్టలు, డ్రైవరు, క్లీనరు అన్నీ అక్కడే దొరకాలి.

నమూనా కట్టేవారికి ముఖ్యమైన విషయం ఇంకొకటి. మన దేశంలో చాలాకాలం లారీ కంపెనీలు బండిని పూర్తిగా ఇచ్చేవి కావు. ఇంజను, స్టీరింగు, ముందు ముఖం మాత్రం ఉన్న ఛాసీని ఇచ్చేవి. క్యాబిన్ లేని ఆ ఛాసీని డ్రైవరు చెక్కపెట్టె మీద కూర్చుని, ముఖానికి తువ్వాలు కట్టుకుని షెడ్డుదాకా తోలుకొచ్చేవాడు. అక్కడ ఛాసీ మీద అడ్డదూలాలు పరిచి యూ బోల్టులతో బిగించేవారు. వాటిమీద నేల పలకలు, చుట్టూ నిలువు గుంజలు, పక్క పలకలు, వెనక తలుపు వచ్చేవి. క్యాబిన్‌కు కర్ర చట్రం కట్టి రేకు తొడిగేవారు. చివరికి రంగు, రాత. అంటే సగం లారీ జంషెడ్‌పూర్‌లోనో ఎన్నూరులోనో పుడితే, మిగతా సగం మేస్త్రీ చేతిలో పుట్టేది. అందుకే ఒకే మోడలు ఛాసీ మీద రెండు ఊళ్లలో కట్టిన రెండు బాడీలు ఒకేలా ఉండవు. ఏ విదేశీ కిట్‌లోనూ సాలూరు లారీ దొరకకపోవడానికి కారణం ఇదే. దాన్ని మొదటి పలక నుంచి కట్టుకోవాల్సిందే.

కట్టే క్రమం

నిజమైన షెడ్డు క్రమాన్నే నమూనాలోనూ పాటించడం మేలు. ముందు ఛాసీ, తర్వాత చక్రాలు, ఆపైన బాడీ. 10.00-20 టైరు ఎత్తు నిజంలో మీటరుకు కాస్త ఎక్కువ, 1:24లో దాదాపు 4.4 సెంటీమీటర్లు. ఆరు టైర్ల లారీకి వెనక జంట టైర్లు ఉంటాయి. వాటి మధ్య సందు కనిపించకపోతే బండి బొమ్మలా తేలిపోతుంది. వెనక ఇరుసు దాటి బాడీ ఎంత పొడుగు ఉండాలన్నదానికీ నిబంధన ఉంది. ఇరుసుల మధ్య దూరంలో 60 శాతం మించకూడదు. నమూనాల్లో ఎక్కువగా తప్పిపోయే కొలత ఇదే.

ఫ్లెక్సీ దుకాణాల్లో దొరికే పీవీసీ ఫోమ్ షీటు క్యాబిన్ గోడలకు బాగా పనికొస్తుంది. థర్మోకోల్ జాతి ఫోమ్ మీద మాత్రం ఫెవిక్విక్ వంటి జిగురు గానీ స్ప్రే రంగు గానీ పడితే అది కరిగిపోతుంది. తొట్టికి కర్రే సరైనది, కానీ కర్ర పోగును కుదించలేం. మామూలు చెక్క పలుచగా కోసినా దాని చారలు 1:24లో దూలాలంత లావుగా కనిపిస్తాయి. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక లక్కబొమ్మలకు వాడే అంకుడు కర్ర సన్నని పోగుతో, తెల్లగా, మెత్తగా ఉంటుంది. నమూనా పలకలకు అంతకన్నా తగిన స్థానిక కర్రను చూపడం కష్టం. కుదింపు పనికి ఈ నేలలో మరో ఉదాహరణ బొబ్బిలి దగ్గరి గొల్లపల్లి. వీణలు చేసే ఆ ఊరి కళాకారులు కానుకల కోసం చిట్టివీణలు కూడా చేస్తారు.

పాతబడిన రూపం కోసం ముందు తుప్పు రంగు వేసి ఆరనిచ్చి, తడిపి ఉప్పు చల్లి, పైన అసలు రంగు వేసి, ఆరాక ఉప్పు రాల్చే పద్ధతి ఉంది. ఉప్పు రాలినచోట కింది తుప్పు రంగు బయటపడుతుంది. ఆ తర్వాత చక్రాల దగ్గర ఎర్రసుద్ద పొడి రాస్తే మన మట్టిరోడ్డు దుమ్ము వస్తుంది.

కాలాన్ని చెప్పే గుర్తులు

టాటా, మెర్సిడెస్ బెంజ్ ఒప్పందం 1954 నుంచి 1969 దాకా సాగింది. ఆ కాలపు బండి ముక్కుమీద మూడు కోణాల నక్షత్రం ఉండాలి, తర్వాతి బండికి ఉండకూడదు. నంబరు ప్లేటు ఇంకా కచ్చితమైన ఆధారం. ఏపీ 30 శ్రీకాకుళానిది, ఏపీ 35 విజయనగరానిది. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వరుస వచ్చింది. ఏపీ 35 నంబరు వేసిన లారీ మీద ఆ తర్వాతి మోడలు క్యాబిన్ పెడితే తెలిసినవారు వెంటనే పట్టేస్తారు.

సరుకు

ఆరు టైర్ల పాత లారీ మోసేది సుమారు 10 టన్నులు. టెక్కలి నీలి గ్రానైట్ ఘనమీటరు 2.7 టన్నుల దాకా తూగుతుంది. కాబట్టి నాలుగు ఘనమీటర్లకు కాస్త తక్కువ రాయితోనే బరువు నిండిపోతుంది. తొట్టిలో చాలా భాగం ఖాళీగా, కమాన్లు మాత్రం చదునుగా ఉండాలి. గోగునార బేళ్లయితే క్యాబిన్ దాటి లేచి, పైన పట్టా, దానిమీద మోకుల అల్లిక కనిపించాలి. నౌపడ ఉప్పు, పలాస జీడిపిక్కల బస్తాలు ఈ రెండింటికీ నడుమ వస్తాయి.

ఆటబండ్లు

ముంజెలు తీసేసిన తాటికాయ బుర్రలను పుల్లతో జతచేసి పంగలకర్రతో తోసే బండి, పాత హవాయి చెప్పు కోసి చక్రాలు చేసిన అగ్గిపెట్టె లారీ, ఈ రెండూ పిల్లలు తామే చేసుకున్నవి. వాటిని నమూనాలుగా లెక్కించాలా వద్దా అన్నదానిపై భిన్నాభిప్రాయాలకు తావుంది. కొలత లేదు గనుక కావు అనడమే సబబు. అయితే చేతికి అందినదానితో బండి కట్టే అలవాటుకు మూలం అక్కడే ఉంది.

కంపెనీ క్యాబిన్లు, ఇనుప తొట్లు వచ్చాక కర్రబాడీ లారీలు రోడ్డు మీద తగ్గిపోతున్నాయి. ఒక్కో బాడీ మేస్త్రీ చేతి కొలతతో కట్టింది కాబట్టి, బండి తుక్కులోకి పోతే దాని కొలతలూ పోతాయి. అటువంటి లారీ ఎక్కడైనా నిలిచి కనిపిస్తే యజమానిని అడిగి, టేపుతో ఇరుసుల దూరం, పలకల వెడల్పు, గుంజల లెక్క రాసుకుని, నాలుగు వైపులా ఫొటోలు తీసి ఉంచండి.