గాలిగొట్టంలో నీటిచుక్క

మోటారు వాహనాల తొలి దశలో, అంతకుముందు గుర్రపు బళ్లకు రంగులు వేసిన పనివారే కార్లకు కూడా కుంచెతో వార్నిష్ పూతలు వేసేవారు. ఒక పూత పూర్తిగా ఆరాక దానిని రుద్ది నునుపు చేసి మరొక పూత వేయవలసి ఉండటం వల్ల ఒక్క బండికి వారాల తరబడి పట్టేది. ఆ కాలపు పనివారికి దుమ్మే ప్రధాన శత్రువు. నీటి బెడద ముదిరింది రంగు త్వరగా ఆరడం మొదలైన తరువాతనే.

అమెరికాలోని టొలీడో నగరంలో అలెన్ డివిల్బిస్ అనే వైద్యుడు గొంతులోకి మందు చిమ్మడానికి రూపొందించిన చిన్న సాధనపు సూత్రాన్ని ఆయన కుమారుడు థామస్ 1907లో రంగు చిమ్మే స్ప్రే గన్‌కు అన్వయించాడు. 1923లో డ్యుపాంట్ సంస్థ ‘డ్యూకో’ పేరుతో నైట్రోసెల్యులోజ్ ల్యాకర్‌ను, అంటే పత్తి పీచును నత్రికామ్లంతో మార్చి ద్రావణిలో కరిగించి చేసిన రంగును విడుదల చేయగా, జనరల్ మోటార్స్ దానిని 1924 మోడల్ ఓక్లాండ్ కార్లపై వాడింది. వారాల పని గంటలకు దిగింది. డ్యూకో అన్న ఆ వ్యాపారనామం మన షెడ్లలో కారు రంగుకే పేరుగా స్థిరపడింది.

అయితే వేగంగా ఆవిరయ్యే ద్రావణి పూతలోని వేడిని కూడా వెంట తీసుకుపోతుంది. పూత తుషార స్థానం, అనగా గాలిలోని ఆవిరి నీరుగా మారే ఉష్ణోగ్రత, కన్నా చల్లబడితే దానిపై చెమ్మ దిగి రంగు పాలలా తెల్లబారుతుంది. దీనికి తొలి విరుగుడు యుద్ధపు మిగులు నుంచి లభించడం విశేషం. మొదటి ప్రపంచ యుద్ధంలో పేలుడు మందు తయారీకి అవసరమైన అసిటోన్ కోసం ఖైమ్ వైజ్‌మన్ రూపొందించిన కిణ్వన పద్ధతిలో, అసిటోన్‌కు సుమారు రెండింతలు బ్యుటనాల్ పుట్టేది. అప్పట్లో పెద్దగా గిరాకీ లేని ఆ పదార్థం నుంచి తయారైన బ్యుటైల్ అసిటేట్ నెమ్మదిగా ఆవిరయ్యే ద్రావణిగా ల్యాకర్ పరిశ్రమను నిలబెట్టింది.

చుట్టూ ఉన్న గాలి సంగతి అలా తేలినా, కంప్రెసర్ నుంచి స్ప్రే గన్‌కు గొట్టంలో వచ్చే గాలి సంగతి మిగిలే ఉంది. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఘనపు మీటరు గాలి సుమారు 30 గ్రాముల ఆవిరిని మాత్రమే పట్టగలదు. తేమ 80 శాతం ఉన్న రోజున 8 ఘనపు మీటర్ల గాలిలో సుమారు 190 గ్రాముల నీరు ఉంటుంది. ఆ గాలినంతా కంప్రెసర్ ఒక ఘనపు మీటరులోకి కుదించాక అది మళ్లీ 30 డిగ్రీలకు చల్లబడితే, 30 గ్రాములు పోగా మిగిలిన 160 గ్రాములు నీరై దిగవలసిందే. విజయవాడ, విశాఖపట్నం వంటి చోట్ల వానాకాలంలో ఈ లెక్క పుస్తకాలకే పరిమితం కాదు. కుదింపులో వేడెక్కిన గాలి నీటిని ఆవిరిగానే మోసుకుపోయి, గొట్టంలో చల్లబడుతూ వదులుతుంది కనుక, కంప్రెసర్‌కు ఆనించి బిగించిన వాటర్ ట్రాప్, అంటే గాలిలోని నీటిచుక్కలను పట్టే సాధనం, వల్ల ప్రయోజనం స్వల్పం. దానిని గన్‌కు దగ్గరగా ఉంచడం, గొట్టాన్ని వాలుగా నడిపి శాఖలను పైభాగం నుంచి తీయడం అనుభవం నేర్పిన పద్ధతులు. 1919లో వాల్టర్ పాట్రిక్ పేటెంట్ పొందిన సిలికా జెల్ ఆవిరిని కూడా పీల్చగలిగింది. గాలిని సుమారు 3 డిగ్రీల దాకా చల్లార్చి నీటిని రాబట్టే డ్రయ్యర్లు మరొక మార్గమయ్యాయి.

తరువాత వచ్చిన రెండు భాగాల పాలియురిథేన్ రంగుల్లో గట్టిపరిచే ఐసోసయనేట్ నీటితో చర్య జరిపి బొగ్గుపులుసు వాయువును వెలువరించి, పూతలో బుడగలు లేపుతుంది. అందుచేత పొడిగాలి అవసరం తగ్గకపోగా పెరిగింది. ఇంత సరంజామా ఉన్నా, చిన్న షెడ్లలో గాలి ట్యాంకు అడుగున చేరిన నీటిని కుళాయి విప్పి వదలడం నేటికీ మనిషి చేతిపనే.