కాళ్ళు ఇక చాలన్నాక

పోర్ట్‌లాండ్ ట్రైల్ బ్లేజర్స్ జట్టు డాక్టరు ఎక్స్‌రే ఫిలిం చూశాడు. అది 1995. జట్టులో చేరబోతున్న ఆటగాడి వయసు ముప్పై, ఎత్తు ఏడడుగుల మూడంగుళాలు. వేరే కాగితాలేమీ అక్కర్లేదు, ఈ ఫిలిం ఒక్కటి చూపిస్తే చాలు, ఇతనికి వికలాంగుల పార్కింగ్ పర్మిట్ ఇచ్చేస్తారని జనరల్ మేనేజరు బాబ్ విట్సిట్‌తో అన్నాడు. ఆ తర్వాత విట్సిట్ నోటి నుంచే ఆ మాట లోకానికి తెలిసింది.

తెలిసి తెలిసీ విట్సిట్ ఒప్పందం చేసుకున్నాడు. ఆ ఆటగాడి కోసం పోర్ట్‌లాండ్ తొమ్మిదేళ్ళుగా ఎదురుచూస్తోంది మరి. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో జట్లు కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే 1986 డ్రాఫ్ట్‌లో 24వ ఎంపికగా పేరు రాసుకుంది. మనిషి మాత్రం రాలేదు. సోవియట్ యూనియన్ వదలలేదు. తీరా వదిలే రోజులొచ్చేసరికి ఎన్‌బీఏ ఆడగల కాళ్ళు తనకు లేవని అతనే స్పెయిన్‌కు వెళ్ళిపోయాడు.

అతని పేరు అర్విదాస్ సబోనిస్. బాస్కెట్‌బాల్‌ను చూసినవాళ్ళు ఇప్పటికీ ఇతని గురించి రెండు వర్గాలుగా చీలి వాదించుకుంటారు. ఎగిరిన సబోనిస్‌ను చూసినవాళ్ళు ఒకవైపు, ఎగరలేని సబోనిస్‌ను చూసినవాళ్ళు ఇంకోవైపు.

మొదటివాళ్ళ ఊరు కౌనాస్, లిథువేనియాలో రెండో పెద్ద నగరం. 1964 డిసెంబరు 19న సబోనిస్ పుట్టింది అక్కడే. మన దగ్గర సందుకో క్రికెట్ జట్టున్నట్టు అక్కడ బాస్కెట్‌బాల్. 1937లోనూ 1939లోనూ యూరప్ ఛాంపియన్ ఈ చిన్న దేశమే. 1940లో సోవియట్ యూనియన్ ఆ దేశాన్ని కలిపేసుకుంది. పాత మూడు రంగుల జెండా ఎగరేస్తే నేరమైంది. మిగిలింది ఆట. కౌనాస్ జట్టు పేరు జల్గిరిస్. 1410లో లిథువేనియన్లు, పోలండ్ వాళ్ళు కలిసి ట్యుటానిక్ యోధులను ఓడించిన యుద్ధం పేరది. జట్టు పేరులోనే ఒక పాత విజయం దాగి ఉందన్నమాట.

ఎదురుగా మాస్కో సైన్యం జట్టు, సీఎస్‌కేఏ. నిర్బంధ సైనిక సేవ పేరుతో ఏ రిపబ్లిక్‌లో మంచి కుర్రాడు కనిపించినా లాక్కోగల జట్టు. 1985, 1986, 1987 సంవత్సరాల్లో వరుసగా మూడుసార్లు సోవియట్ లీగ్ ఫైనల్లో ఆ సైన్యాన్ని జల్గిరిస్ ఓడించింది. ఆ రోజుల్లో కౌనాస్ స్పోర్ట్స్ హాల్లో టికెట్టు దొరకడమంటే మాటలు కాదు. వీధిలో అరవలేనిదంతా జనం ఆ హాల్లో అరిచారు. మధ్యలో ఇరవై దాటిన పొడుగాటి కుర్రాడు. రీబౌండ్ తీసుకుని, బంతిని తనే తట్టుకుంటూ కోర్టు ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తేవాడు. బుట్ట దగ్గర కాచుకునే సెంటర్ ఆటగాడు ఆ పని చేయడం అప్పట్లో వింత. మూడు పాయింట్ల గీత వెనక నుంచి కూడా వేసేవాడు. మాడ్రిడ్‌లో ఒకసారి అతను బంతిని బుట్టలోకి కొట్టిన కొట్టుడుకు బోర్డు అద్దమే పగిలి రాలింది. పదిహేడేళ్ళ వయసులోనే, 1982లో, సోవియట్ జట్టుతో అమెరికా వెళ్ళి అక్కడి కాలేజీ దిగ్గజం రాల్ఫ్ శాంప్సన్‌కు ఎదురు నిలిచాడు.

దేవుడేమీ కాదు. 1986లో బుడాపెస్ట్‌లో యూరప్ కప్ ఫైనల్. ఎదురు జట్టు ద్రాజెన్ పెట్రోవిచ్ ఆడే సిబోనా జాగ్రెబ్. మ్యాచ్ మధ్యలో గొడవ రేగింది. సబోనిస్ అవతలి ఆటగాడి మీద చెయ్యి చేసుకున్నాడు. రిఫరీ బయటికి పంపాడు. జల్గిరిస్ 94–82తో ఓడింది. కౌనాస్ పాతకాపులకు ఆ రాత్రి ఇప్పటికీ మింగుడు పడదు.

ఆ తర్వాత అసలు దెబ్బ. 1986–87 ప్రాంతంలో మడమ వెనక ఉండే పెద్ద నరం, అకిలిస్ టెండన్, తెగింది. సరిగా మానకముందే మళ్ళీ తెగింది. తెరిపి లేకుండా ఆడించారన్నది అభిమానుల ఆరోపణ. క్లబ్బుకీ దేశం జట్టుకీ కలిపి ఏడాది పొడవునా ఆడినవాడి కాళ్ళు అంతకంటే ఏం చేస్తాయి? 1988లో వైద్యం కోసం పోర్ట్‌లాండ్ వెళ్ళడానికి సోవియట్ అధికారులు ఒప్పుకున్నారు. అక్కడి డాక్టర్లు మెల్లగా నడిపించి, మెల్లగా పరుగెత్తించి నిలబెట్టారు. ఇంతలో సియోల్ ఒలింపిక్స్ వచ్చిపడింది.

సెప్టెంబరు 28, సెమీ ఫైనల్. అవతల అమెరికా, సెంటర్‌లో డేవిడ్ రాబిన్సన్. ఇవతల నెలల తరబడి సరైన మ్యాచ్ ఆడని సబోనిస్. పాత ఎగురుడు లేదు. నిలబడ్డ చోటే నిలబడి 13 పాయింట్లు, 13 రీబౌండ్లు. సోవియట్ జట్టు 82–76తో గెలిచింది. ఫైనల్లో యుగోస్లావియానూ ఓడించి స్వర్ణం తీసుకుంది. అమెరికా కాలేజీ కుర్రాళ్ళను ఒలింపిక్స్‌కు పంపడం అదే ఆఖరు. మరోసారి వచ్చినప్పుడు జోర్డాన్, మ్యాజిక్ జాన్సన్, బర్డ్‌లతో డ్రీమ్ టీమ్‌గా వచ్చింది.

‘సోవియట్ భూమి’ పత్రిక తెప్పించుకుని, ఆ నున్నటి కాగితాలతో నోటుపుస్తకాలకు అట్టలు వేసుకున్న మన తరానికి అప్పుడు తెలిసింది ఒకటే, రష్యా గెలిచిందని. ఆ జట్టుకు వెన్నెముక నలుగురు లిథువేనియన్లు: సబోనిస్, మార్చులోనిస్, కుర్తినైతిస్, ఖోమిచ్యుస్. ఆ సంగతి మనకెవరూ చెప్పలేదు.

నాలుగేళ్ళు తిరిగేసరికి ఆ నలుగురూ సొంత జెండా కింద బార్సిలోనాలో ఉన్నారు. మధ్యలో చాలా జరిగింది. 1990 మార్చిలో లిథువేనియా స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. 1991 జనవరిలో విల్నియస్ టీవీ టవరు దగ్గర సోవియట్ ట్యాంకులకు అడ్డం నిలబడ్డ జనంలో పద్నాలుగు మంది ప్రాణాలు పోయాయి. కొత్త దేశం దగ్గర ఒలింపిక్స్‌కు జట్టును పంపే డబ్బు లేదు. ఎన్‌బీఏలో ఆడుతున్న మార్చులోనిస్ అమెరికాలో చందాలు అడిగాడు. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ బృందం సొమ్ముతోపాటు, పసుపు ఆకుపచ్చ ఎరుపు రంగులు కలగలిపి అద్దిన టీషర్టులు కూడా పంపింది. వాటి మీద బుట్టలో బంతి వేస్తున్న అస్థిపంజరం బొమ్మ.

సెమీస్‌లో డ్రీమ్ టీమ్ 127–76తో చితక్కొట్టింది. దాని గురించి ఎవరూ బాధపడలేదు. కాంస్యం కోసం ఆడాల్సింది ఎవరితో అనేదే అసలు విషయం. ఎదురుగా ఉన్నది పాత సోవియట్ రిపబ్లిక్‌లు కలిసి పంపిన యూనిఫైడ్ టీమ్. ఈ పోటీలో ఓడితే తిరిగి ఇంటికెలా వెళ్ళాలన్నది ఆ కుర్రాళ్ళ గుబులు. చివరిదాకా ఊపిరి బిగపట్టిన ఆట. 82–78. సబోనిస్ 27 పాయింట్లు, 16 రీబౌండ్లు. డ్రెస్సింగ్ రూమ్‌కు వచ్చిన దేశాధినేత లాండ్స్‌బెర్గిస్‌ను షాంపేన్‌తో తడిపేశారు. ఆయన కూడా ఆ అస్థిపంజరం టీషర్టే తొడుక్కున్నాడు. పతకాలు అందుకోవడానికి పీఠం ఎక్కింది కూడా ఆ టీషర్టుల్లోనే.

ఇక ఎగరలేని సబోనిస్ సంగతి. 1995లో రియల్ మాడ్రిడ్‌ను యూరప్ విజేతగా నిలిపి, అదే ఏడాది పోర్ట్‌లాండ్ చేరాడు. మోకాళ్ళకు కట్లు, కదలికలో బరువు. మొదటి సీజన్లో మ్యాచ్‌కు సగటున 24 నిమిషాలే ఆడి 14.5 పాయింట్లు, 8.1 రీబౌండ్లు తెచ్చాడు. కానీ అక్కడి అభిమానులు ‘సబాస్’ అని ముద్దుగా పిలుచుకున్నది అంకెలు చూసి కాదు, పాస్‌లు చూసి.

ఒక పాస్‌ను నెమ్మదిగా చూద్దాం. ఫ్రీ త్రో గీత దగ్గర బుట్టకు వీపు పెట్టి నిలబడతాడు. బంతి ఒంటి చేతిలో తలపైన, ఉట్టి మీద పెట్టినట్టు ఎవరికీ అందదు. వెనక నుంచి ఒకడు మోచేత్తో తోస్తుంటాడు, పట్టించుకోడు. పక్కనుంచి సహచరుడు బంతి కోసం వస్తున్నట్టు రెండడుగులు వేస్తాడు, కాపలావాడు వెంటపడతాడు. సహచరుడు చటుక్కున వెనుదిరిగి బుట్టవైపు ఉరుకుతాడు. సబోనిస్ తల తిప్పడు. మణికట్టు మాత్రం కదులుతుంది. భుజం మీదుగానో నడుం వెనక నుంచో వెళ్ళిన బంతి నేలను ఒకసారి తాకి, పరుగెడుతున్నవాడి చేతిలోకే లేస్తుంది. కాపలావాడు ఇంకా ఇటే చూస్తుంటాడు.

ఇది కాళ్ళతో చేసే పని కాదు. అందుకే నరం తెగినా ఇది తెగలేదు. ఆరోగ్యంగా ముందే వచ్చి ఉంటే ఏమయ్యేదోనని అమెరికా విశ్లేషకులు నిట్టూరుస్తుంటారు. మీరు చూసింది సగం సబోనిస్‌నే అని కౌనాస్ పెద్దలు దెప్పుతుంటారు. నాకు మాత్రం ఆ రెండో సగమే గొప్ప. ఏడడుగుల మూడంగుళాలవాడు ఎగిరితే ఆశ్చర్యమేముంది? ఎగరకుండా లేకర్స్ సెంటర్ షకీల్ ఓనీల్‌ను కాచుకోవడం, ఎగరకుండా నలుగురిని ఆడించడం కష్టం. 2000 సంవత్సరం వెస్ట్రన్ ఫైనల్ ఏడో మ్యాచ్‌లో లేకర్స్ మీద నాలుగో క్వార్టర్లో పదిహేను పాయింట్ల ఆధిక్యం పోగొట్టుకుని పోర్ట్‌లాండ్ ఓడిపోయింది. చివరి నిమిషాల్లో ఆరో ఫౌల్‌తో సబోనిస్ బెంచీ మీద కూర్చోవాల్సి వచ్చింది. ఆ ఊరివాళ్ళ దగ్గర ఆ మ్యాచ్ మాటెత్తకపోవడమే మంచిది.

2003లో అతను తిరిగి జల్గిరిస్‌కు వచ్చాడు. 39 ఏళ్ళ వయసులో యూరో లీగ్ రెగ్యులర్ సీజన్‌కూ ఆ తర్వాతి దశకూ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. 2011లో అమెరికాలోని నైస్మిత్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. పోర్ట్‌లాండ్‌లో పుట్టిన కొడుకు డొమాంటాస్ కూడా ఎన్‌బీఏలో పెద్ద పేరు తెచ్చుకున్నాడు. పాస్‌లకు కూడా.

పాత మ్యాచ్‌లు యూట్యూబ్‌లో దొరుకుతాయి. 1985 నాటిది ఒకటి, 1998 నాటిది ఒకటి వరుసగా పెట్టుకోండి. మొదటిదానిలో సబోనిస్‌ను చూడండి. రెండోదానిలో బంతి అతని చేతిలోకి రాగానే మిగతా నలుగురూ ఎలా కదులుతున్నారో చూడండి.