300 మీటర్ల తూటా

5.56 మిల్లీమీటర్ల నాటో తూటాను అరచేతిలో పెట్టుకుంటే చూపుడువేలి కంటే పొట్టిగా, పెన్సిల్ కంటే కాస్త లావుగా ఉంటుంది. పొడవు 57 మిల్లీమీటర్లు, బరువు 12 గ్రాములు. అందులో ఎగిరి వెళ్లే భాగం, అంటే బుల్లెట్, 4 గ్రాములే. మిగతాదంతా ఇత్తడి గొట్టం, దాన్లో కూరిన మందు. పేరులోని 5.56 బ్యారెల్ లోపలి కొలత. బుల్లెట్ అసలు మందం 5.7 మిల్లీమీటర్లు. అమెరికా సైన్యం 1960ల నుంచి, నాటో దేశాలు 1980 తర్వాత, భారత సైన్యం 1990ల నుంచి నమ్ముకున్న తూటా ఇది. ఇది ఎంత దూరం పనికొస్తుందన్న వాదం మాత్రం ఇప్పటికీ తెగలేదు.

ఒకప్పుడు రైఫిల్ గొప్పతనమంతా దూరంలోనే ఉండేది. మన పోలీసు స్టేషన్లలో దశాబ్దాల పాటు కనిపించిన త్రీనాట్‌త్రీ మీద గురి చూసే పట్టీకి 2,000 గజాల దాకా గుర్తులుండేవి. అంత దూరాన నిలబడిన మనిషి కంటికి చీమంత కూడా ఆనడు. పటాలమంతా ఒక్కసారిగా కాల్చి, ఎదుటి దండు మీద బుల్లెట్ల వాన కురిపించిన రోజుల లెక్క అది. ఆ పనిని మెషిన్ గన్లు, ఫిరంగులు అందుకున్నాక కూడా రైఫిల్ తూటా మాత్రం చిక్కలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు, వారి వెనకే సోవియట్లు పొట్టి తూటాలు తయారుచేశారు. అమెరికాలో ఆలోచన మార్చినవి 1952 నాటి రెండు నివేదికలు. యుద్ధరంగంలో రైఫిల్ వాడకం చాలా మటుకు 300 గజాల లోపే సాగుతోందని నార్మన్ హిచ్‌మన్ తేల్చాడు. ఆ దూరంలో చిన్న బుల్లెట్‌ను ఎక్కువ వేగంతో పంపితే పెద్దదానికి తీసిపోదని డొనాల్డ్ హాల్ లెక్కకట్టి చూపాడు.

1957లో సైన్యం అడిగినది, తేలికపాటి రైఫిల్ నుంచి వెళ్లి 500 గజాల దూరంలో ఉక్కు హెల్మెట్‌ను చీల్చగల బుల్లెట్. యూజీన్ స్టోనర్ రూపొందించిన ఏఆర్-15 రైఫిల్ కోసం, చిన్న జంతువుల వేటకు పేరుపడ్డ రెమింగ్టన్ పాయింట్ 222 తూటాను కొంచెం సాగదీశారు. అలా పాయింట్ 223, దాని సైనిక రూపమైన ఎం193 పుట్టాయి. బుల్లెట్ మూడున్నర గ్రాములు, వేగం సెకనుకు 990 మీటర్లు. పెద్దదైన 7.62 నాటో తూటా ఒక్కటి తూగే చోట ఇవి రెండు తూగుతాయి. భుజాన్ని తన్నడమూ తక్కువ. వియత్నాం అడవుల్లో రోజుల తరబడి మూట మోస్తూ నడిచిన సైనికుడికి ఇది చిన్న లాభం కాదు.

లోపం మొదట బయటపడింది దూరంలో కాదు, చలిలో. తొలి రైఫిళ్ల బ్యారెల్‌లోని మెలి గాడులు 14 అంగుళాలకు ఒక చుట్టు తిరిగేవి. బుల్లెట్ బొంగరంలా తిరుగుతూ పోతేనే దాని ముక్కు ముందుకు నిలుస్తుంది. తిరుగుడు చాలకపోతే, ఆగబోయే బొంగరంలా తూలుతుంది. గడ్డకట్టే చలిలో గాలి చిక్కబడుతుంది. ఆ చిక్కటి గాలిలో ఎం193 నిలకడ తప్పుతోందని పరీక్షల్లో తేలింది. దాంతో గాడులను 12 అంగుళాలకు ఒక చుట్టుగా మార్చారు. రెండు అంగుళాల మెలిక తేడాతో గురి నిలబడింది.

నాటో దేశాలు 1980లో ఎంచుకున్నది బెల్జియంలోని ఎఫ్ఎన్ సంస్థ తయారుచేసిన ఎస్ఎస్109. దాని ముక్కులో ఉక్కు ముక్క ఉంటుంది. దాదాపు 600 మీటర్ల దూరంలో మూడున్నర మిల్లీమీటర్ల ఉక్కు రేకును చీల్చాలన్నది దానికి పెట్టిన పరీక్ష. బుల్లెట్ బరువు 4 గ్రాములకు పెరిగింది, పొడవూ పెరిగింది. పొడవైనదాన్ని నిలబెట్టాలంటే మరింత తిరుగుడు కావాలి కనుక, అమెరికా తన ఎం16ఏ2 రైఫిల్లో గాడులను 7 అంగుళాలకు ఒక చుట్టుకు తెచ్చింది.

ఇంత చేసినా గాలి ఊరుకోదు. పొలం కాపలాలో వడిసెల తిప్పినవాళ్లకు ఇది తెలిసిన సంగతే. ఎంత విసురుగా వదిలినా చిన్న మట్టిబెడ్డ కాస్త దూరం పోగానే ఊపు చచ్చి రాలిపోతుంది. బరువైన రాయి ఇంకా ముందుకు పోతుంది. ఎస్ఎస్109 పొడవైన బ్యారెల్ నుంచి సెకనుకు సుమారు 945 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది. 500 మీటర్లు చేరేసరికి ఆ వేగం సగానికి కొంచెం ఎక్కువగా మిగులుతుంది, శక్తి మూడో వంతుకు పడిపోతుంది. ఈలోపు బుల్లెట్ బ్యారెల్ గీతకు సుమారు రెండు మీటర్లు కిందికి దిగి ఉంటుంది. గంటకు 16 కిలోమీటర్ల గాలి అడ్డంగా వీచిందంటే పక్కకు ముప్పాతిక మీటరు జరుగుతుంది. మనిషి ఛాతీ వెడల్పు అంత ఉండదు. చెట్ల ఆకులను కదిలించే మామూలు గాలికే, సరిగ్గా గురి పెట్టిన బుల్లెట్ మనిషి పక్కనుంచి పోతుందన్నమాట. కిందికి దిగే లెక్కను గురి అద్దంలో సరిచేయవచ్చు. గాలిని మాత్రం కాల్చేవాడు తన అంచనాతోనే పట్టుకోవాలి.

దీనికి మరో చిక్కు తోడైంది. ఈ బుల్లెట్ దెబ్బ దాని బరువు వల్ల కాదు, తగిలాక అడ్డం తిరిగి ముక్కలవడం వల్ల. ఆ ముక్కలవడానికి సెకనుకు సుమారు 820 మీటర్ల వేగం ఉండాలని గాయాల మీద పరిశోధన చేసిన సైనిక వైద్యుడు మార్టిన్ ఫ్యాక్లర్ పరీక్షల వల్ల తెలిసింది. అంత వేగం 200 మీటర్ల లోపే అయిపోతుంది. అటు తర్వాత అది సన్నటి రంధ్రం చేసి దూసుకుపోవచ్చు. 1990లలో వచ్చిన ఎం4 కార్బైన్ బ్యారెల్ 20 అంగుళాల నుంచి పద్నాలుగున్నరకు తగ్గింది. వాహనాల్లో, ఇరుకు గదుల్లో అది ఎంతో వీలు. కానీ మందు మండి నెట్టే దారి తగ్గడంతో వేగమూ తగ్గి, ఆ 200 మీటర్లు ఇంకా కుంచించుకుపోయాయి. తూటా మీద వచ్చిన ఫిర్యాదుల్లో ఈ పొట్టి బ్యారెల్‌కూ వాటా ఉంది.

అఫ్ఘానిస్థాన్‌లో ఈ లెక్కలన్నీ ప్రాణాల మీదికి వచ్చాయి. అడవీ కాదు, నగర వీధీ కాదు. లోయకు ఇటు సైనికులు, అటు గుట్ట మీద తాలిబన్లు, మధ్య 500 మీటర్లు, ఒక్కోసారి అంతకు మించి. వాళ్ల చేతిలోని పీకేఎం మెషిన్ గన్ తూటా జార్ల రష్యాలో 1891లో వాడుకలోకి వచ్చినది. లావు, బరువు, దూరం అన్నీ ఎక్కువే. సగానికి పైగా పోరాటాలు 300 మీటర్లు దాటి జరుగుతున్నాయని మేజర్ థామస్ ఎర్హార్ట్ 2009లో ఫోర్ట్ లెవెన్‌వర్త్‌లో రాసిన పరిశోధన పత్రం చెప్పింది. అందులో ఎక్కువ మంది పట్టించుకోని మాట ఇంకొకటి ఉంది. సైనికుల శిక్షణలో చివరి గురి బొమ్మ ఉండేది 300 మీటర్ల దగ్గరే. ఎన్నడూ కాల్చి చూడని దూరంలో గురి తప్పితే ఆ నేరం తూటా ఒక్కదాని మీదే వేయడం న్యాయం కాదు.

సర్దుబాట్లు రకరకాలుగా జరిగాయి. గిడ్డంగుల్లోని, పెద్ద తూటా పేల్చే పాత ఎం14 రైఫిళ్లు మళ్లీ బయటికొచ్చాయి. బ్రిటన్ 2010లో 7.62 రైఫిల్ ఎల్129ఏ1ను గురికాళ్లకు ఇచ్చింది. అదే ఏడాది అమెరికా ఎం855ఏ1 అనే కొత్త 5.56 బుల్లెట్‌ను పంపింది. ప్రత్యేక దళాలు 5 గ్రాముల బరువైన బుల్లెట్ వాడాయి. బరువైన బుల్లెట్ ఏం చేయగలదో అమెరికాలోని క్యాంప్ పెర్రీ రైఫిల్ పోటీల్లో అప్పటికే రుజువైంది. అక్కడ కాగితం మీద గురి చూసేవారు ఇదే తూటాతో 600 గజాల దగ్గర చక్కగా కాల్చేవారు. అయితే ఆ దూరానికి పోటీల్లో వాడే మరింత పొడవైన బుల్లెట్ తూటాలు మ్యాగజైన్‌లో పట్టవు. ఒక్కొక్కటి చేత్తో పెట్టి కాల్చాలి. పోటీలో అది కుదురుతుంది, కొండ మీద కుదరదు.

2022లో అమెరికా సైన్యం ముందు వరుస దళాల కోసం సిగ్ సావర్ వారి 6.8 మిల్లీమీటర్ల రైఫిల్‌ను ఎంచుకుంది. దూరం పెరిగింది, మోసే బరువు కూడా పెరిగింది. ఎం4తో ఏడు మ్యాగజైన్లలో 210 తూటాలు మోసిన సైనికుడు, కొత్త రైఫిల్‌తో అదే ఏడు మ్యాగజైన్లలో 140 మోస్తాడు.

భారత సైన్యం 7.62 ఎస్ఎల్ఆర్ రైఫిల్‌ను వదిలి 5.56 ఇన్సాస్ రైఫిల్‌కు వచ్చింది కూడా ఈ బరువు లెక్కతోనే. ఇన్సాస్ ప్రభావ దూరం 400 మీటర్లు. 2019లో సరిహద్దు దళాల కోసం 72,400 సిగ్ 716 రైఫిళ్లకు ఒప్పందం కుదిరింది. అవి మళ్లీ పెద్ద 7.62 నాటో తూటావి. ఉత్తరప్రదేశ్‌లోని కోర్వాలో తయారీకి 2021లో ఖాయమైన ఆరు లక్షలకు పైగా ఏకే-203లు కూడా 7.62వే గానీ, ఆ తూటా వేరు. అది పొట్టిది, నెమ్మదైనది. మందం ఎక్కువైనంత మాత్రాన దూరం పెరగదు. ప్రభుత్వ ప్రకటన ప్రకారం ఏకే-203 ప్రభావ దూరం 300 మీటర్లు.