కింది నెంబరు ఎక్కణ్ణుంచి వచ్చింది?

బీపీ చూసేటప్పుడు డాక్టరు చేసే పనులు రెండు. పట్టీకి గాలి కొట్టి దండచేతిని బిగించడం ఒకటి, మోచేతి మడతలో స్టెతస్కోపు ఆనించి వినడం ఇంకొకటి. బిగించడం ఇటలీలో 1896లో కుదిరింది. వినడం రష్యాలో 1905లో మొదలైంది. నా మటుకు నాకు ఈ రెండోదే గొప్ప ఊహ అనిపిస్తుంది. మొదటిదానికి మాత్రం చాలామంది చాలాకాలం తంటాలు పడ్డారు.

రక్తం ఎంత జోరుగా తోసుకొస్తుందో తొలిసారి కొలిచినవాడు స్టీఫెన్ హేల్స్ అనే ఇంగ్లండు మతగురువు. కట్టి పడుకోబెట్టిన ఆడగుర్రం ధమనిలోకి ఇత్తడి గొట్టం దూర్చి, దానికి తొమ్మిదడుగుల గాజు గొట్టం నిలువుగా తగిలించాడు. రక్తం 8 అడుగుల 3 అంగుళాలు ఎగబాకింది. ఈ సంగతి 1733లో అచ్చయింది. గుర్రం బతకలేదు. 1828లో ప్వాజయ్ అనే ఫ్రెంచి వైద్యుడు గొట్టంలో పాదరసం పోశాడు. అది నీటికన్నా 13.6 రెట్లు బరువు కాబట్టి అంత పొడుగు గొట్టంతో పని లేకపోయింది. అయినా ధమనిని కొయ్యక తప్పలేదు.

కొయ్యకుండా కొలిచే దారిని 1881లో వియన్నా వైద్యుడు ఫాన్ బాష్ చూపించాడు. నీళ్లు నింపిన రబ్బరు బుడగను మణికట్టు దగ్గర అదిమి, నాడి ఎంత ఒత్తిడికి ఆగిపోతుందో చూశాడు. కానీ ఒకచోట అదిమితే ధమని పక్కకి జారుతుంది, అదిమే చేతిని బట్టి లెక్క మారుతుంది. టూరిన్‌లో పనిచేస్తున్న షిపియోనె రివా-రొచ్చి దీనికి తేలికైన ఉపాయం కనిపెట్టాడు. దండచేతి చుట్టూ సైకిలు ట్యూబు ముక్క చుట్టి, గాలి కొట్టి, అన్ని వైపులా సమానంగా బిగించాడు. పాదరసానికి సిరాబుడ్డి సరిపోయింది. మణికట్టు దగ్గర నాడి మాయమైనచోట పాదరసం ఎంత ఎత్తులో ఉందో అదే కొలత. 1901లో అమెరికన్ సర్జన్ హార్వీ కుషింగ్ ఇటలీలో దాన్ని చూసి బాల్టిమోరుకు పట్టుకెళ్లాడు. అదే ఏడు జర్మనీలో ఫాన్ రెక్లింగ్‌హౌజెన్, పట్టీ సన్నగా ఉంటే కొలత ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుందని తేల్చి దాన్ని వెడల్పు చేశాడు. లావుపాటి చేతికి చిన్న పట్టీ చుడితే ఇప్పటికీ అదే తప్పు జరుగుతుంది.

ఇంత జరిగినా చేతికొచ్చింది పై నెంబరు ఒక్కటే. గుండె ముడుచుకున్నప్పుడు ఉండే ఒత్తిడి దాంతో తెలుస్తుంది, గుండె సేదతీరే క్షణంలో ధమనిలో మిగిలే ఒత్తిడి తెలియదు. నాడి మీది వేలికి అది అందేది కాదు.

నికొలాయ్ కొరొట్కొవ్ సర్జన్. రష్యా-జపాన్ యుద్ధంలో గాయపడ్డ సైనికులకు వైద్యం చేశాడు. తూటా తగిలి ధమని చెడితే దాన్ని ముడి వెయ్యవచ్చా, వేస్తే ఆ కాలో చెయ్యో బతుకుతుందా అన్నది అతని ముందున్న ప్రశ్న. అందుకని గాయపడ్డ ధమనుల మీద స్టెతస్కోపు పెట్టి వినేవాడు. ఆ అలవాటే అతన్ని రివా-రొచ్చి పట్టీ కిందికి తీసుకెళ్లింది. పట్టీ పూర్తిగా బిగిస్తే ఏమీ వినబడదు. గాలి మెల్లగా వదులుతుంటే ఒకచోట టక్కుమని మొదటి చప్పుడు వస్తుంది, నొక్కుడు పడ్డ ధమనిలోంచి రక్తం తొలిసారి దూసుకెళ్లేది అప్పుడే. అది పై నెంబరు. ఇంకా వదిలితే చప్పుడు బుస్సుమనే ధ్వనిగా మారి, మళ్లీ టక్కుమని, చివరికి పూర్తిగా ఆగిపోతుంది. ధమని నిండుగా తెరుచుకుని రక్తం సాఫీగా పారుతోందన్నమాట. అది కింది నెంబరు. 1905లో సెయింట్ పీటర్స్‌బర్గ్ సైనిక వైద్య అకాడమీలో అతను దీన్ని చెప్పాడు, అచ్చయ్యాక అది ఒక పేజీ కూడా నిండలేదు. కోట్ల మందికి మందులు మొదలుపెట్టాలా వద్దా అని తేల్చే పద్ధతి ఆ కాస్త రాతలో ఉంది. కొరొట్కొవ్ 1920లో క్షయతో పోయాడు, అప్పటికి యాభై ఏళ్లు కూడా నిండలేదు.

ఇప్పుడు ఇళ్లలో వాడే బ్యాటరీ మిషను ఆ చప్పుళ్లు వినదు. పట్టీలో గాలి అదురును పసిగట్టి, రెండు నెంబర్లనూ లెక్కకట్టి చెబుతుంది. మామూలుగా ఆ లెక్క సరిపోతుంది. గుండె లయ తప్పి కొట్టుకునేవాళ్ల దగ్గర తేడా రావచ్చు. అలాంటివాళ్లు అప్పుడప్పుడూ డాక్టరు చేత స్టెతస్కోపు పెట్టించి చూపించుకోవడం మంచిది.