పాట పుట్టుక – కవి సాక్ష్యం

తెలుగు సినిమా పాటల రాతప్రతులు నేడు అరుదుగా లభిస్తాయి. సినిమా హాళ్లలో అమ్మిన పాటల పుస్తకాలు, గ్రామఫోను రికార్డులు పాట తుదిరూపాన్నే చూపుతాయి. అంతకుముందు జరిగిన రచనాక్రమానికి కవి మాటే ప్రధానాధారం. 1962లో ‘గులేబకావళి కథ’తో చిత్రరంగంలో అడుగుపెట్టిన సి. నారాయణరెడ్డి, ‘పాటలో ఏముంది - నా మాటలో ఏముంది’ గ్రంథంలో తన పాటల నేపథ్యాన్ని స్వయంగా వివరించారు. సన్నివేశం, బాణీ, దర్శకుని అభిరుచి పదాల ఎంపికను ఎలా నిర్ణయిస్తాయో గ్రహించడానికి ఇటువంటి రచనలు తోడ్పడతాయి. అయితే ఇవి పాట ప్రసిద్ధి పొందిన తరువాత చెప్పినవి. ప్రజాదరణ పొందిన పాటకు దక్కిన వివరణ మరుగునపడిన పాటకు సాధారణంగా దక్కదు. కనుక రచనా ప్రేరణకు కవి మాటను స్వీకరిస్తూనే, కాలాన్నీ కర్తృత్వాన్నీ పాటల పుస్తకాలతో, రికార్డులతో సరిచూడటం పరిశోధకుని బాధ్యత.